సానపట్టని రాయి

పరిటాల పేరు వినగానే మన ప్రాంతపు పెద్దలకు వజ్రాలు జ్ఞాపకం వస్తాయి. చుట్టూ బ్రిటిషువారి కృష్ణా జిల్లా ఉన్నప్పటికీ, వజ్రపు గనుల మూలంగానే ఈ ఊరు నిజాం ఏలుబడిలో ఉండిపోయిందని వారు చెబుతారు. నేడు ప్యారిస్ నగరపు లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్న రీజెంట్ వజ్రం పరిటాలలో దొరికిందని కొందరు, కృష్ణకు ఆవలి కొల్లూరులో దొరికిందని కొందరు వాదిస్తారు. ముడిరాయిగా సుమారు 410 క్యారట్లున్న ఆ వజ్రం సానపట్టిన పిమ్మట 140 క్యారట్లకు తగ్గింది.

ఈ సంగతి మాకు గుర్తుచేసినవాడు మా ఆపా కుమారుడు. పరిటాలలో పెరిగిన ఈ కుర్రవానికి చిత్రలేఖనంపై మక్కువ ఎక్కువ. ఆ వజ్రాన్ని సెల్‌ఫోనులోనే అన్ని ముఖాలూ కనిపించే చిత్రంగా గీసి, దానిని చూపి యానిమేషను విద్యలో చేరవలెనని వాని కోరిక. తల్లి కుట్టుమిషను మీద కూడబెట్టిన సొమ్ము సిద్ధంగా ఉన్నది. ఒక రంజాను సెలవులలో మేము ఊరికి వెళ్లినప్పుడు అడిగాడు:

"మామూ, ఫోను ఇప్పుడే కొనమంటారా? రాబోయే చిప్పులో గ్రాఫిక్స్ మారుతుందంటున్నారు. ఆగమంటారా?"

మేము తెలుగు బోధించి బ్రతికేవారము. మాకు కొబ్బరిచిప్ప తెలుసును గాని ఈ చిప్పు తెలియదు. వాడే మాకు పాఠం చెప్పాడు. ఫోను ప్రాసెసరులో తెరపై బొమ్మలు గీయడానికి ప్రత్యేక విభాగం ఉంటుంది. దానిని సమకూర్చుకోవడానికి కంపెనీలకు మూడు దారులు. ఆర్మ్ సంస్థ వారి మాలి వంటి నమూనాను రుసుము చెల్లించి తెచ్చుకోవడం మొదటిది. స్వంతంగా రూపొందించుకోవడం రెండవది. ఆపిల్ 2017లో ఏ11 చిప్పుతో ఈ దారి పట్టింది. పెద్ద కంప్యూటర్ల గ్రాఫిక్స్‌లో ఆరితేరినవారితో పొత్తు కలవడం మూడవది. సామ్‌సంగ్ 2019లో ఏఎమ్‌డితో ఒప్పందం చేసుకొని, 2022లో ఎక్సినోస్ 2200ను వెలువరించింది. కాంతికిరణం దేనికి తగిలి ఎటు మళ్లుతుందో లెక్కగట్టే ఏర్పాటు అందులో ఉన్నది. వజ్రాన్ని గీయదలచినవానికి అంతకంటె ఏమి కావలె!

ఊహించడం తియ్యని పని. రాబోయే చిప్పులో మాలి ఉంటుందా, మరొకటి ఉంటుందా అని చాయ్ చల్లారేదాకా ఇద్దరమూ తర్కించాము. చివరకు "ఆగరా బేటా, మంచిదే వస్తుంది" అని మేమే తీర్పు చెప్పాము.

ఏడాది గడిచింది. మేము ఊహించిన హంగులు ఖరీదైన ఫోనులలోకి వచ్చాయే గాని, ఆపా సొమ్ముకు అందే ఫోనులోకి రాలేదు. చూపడానికి చిత్రాలు లేక వానికి ఆ సంవత్సరం ప్రవేశం దొరకలేదు. వాడు మమ్మల్ని ఒక్క మాట కూడ అనలేదు. ఆపా మాత్రం "చదువుకున్నవాడివని నిన్ను అడిగాము, భయ్యా" అన్నది. ఆ మాట ఇప్పటికీ మా చెవిలో ఉన్నది.

అప్పుడు గాని మేము ఆ విషయాన్ని శ్రద్ధగా చదవలేదు. గూగుల్ టెన్సర్ చిప్పులలో 2021 నుండి 2024 వరకు మాలి ఉండగా, 2025లో వచ్చిన జీ5లో ఇమాజినేషన్ వారి పవర్‌వీఆర్ చేరింది. పేర్లు మారినా వేడి సమస్య మారలేదు. చేతిలో పట్టుకొనే ఫోను కాగిపోకూడదు గనుక, గ్రాఫిక్స్ విభాగం ఎంత బలమైనదైనా పూర్తి వేగంతో ఎక్కువసేపు నడవలేదు. పైగా దానిచేత పనిచేయించే సాఫ్ట్‌వేరు సరిగా ఉండాలి. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరం కనిపించగానే ఐఫోనులలో యాప్‌లు కుప్పకూలాయి. అంత శక్తిగల చిప్పు ఉండి కూడ, అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేరులోని లోపం వలన మన ఒక్క అక్షరం దగ్గర ఫోను తలవంచింది. ఇక ముందు కృత్రిమమేధకు చిప్పులో చోటు పెరిగేకొద్దీ బొమ్మల విభాగానికి పోటీ తప్పదనీ, కోర్ల సంఖ్యకంటె విద్యుత్తు పొదుపుకే విలువ హెచ్చుతుందనీ మా ఊహ. అయితే మా ఊహను నమ్మి ఎవరూ పని ఆపవద్దు.

మా మేనల్లుడు చివరకు మామూలు ఫోనే కొన్నాడు. ఆరు నెలలు కష్టపడి వజ్రాన్ని గీశాడు. మరుసటి ఏడు ప్రవేశం సంపాదించాడు. వానికి పోయిన సంవత్సరం మాత్రం మా ఖాతాలోనే ఉన్నది.

మన విద్యార్థులలో ఇటువంటివారు ఇంకా ఉందురు. గ్రంథాలయంలో బొమ్మలు గీయడానికి తగిన కంప్యూటర్లు రెండు ఉన్నచో, కొత్త ఫోను కోసం ఏ బిడ్డా ఏడాది ఆగవలసిన పని ఉండదు. కళాశాల కార్యవర్గం వారు ఈ సంగతి ఆలోచింపవలెనని మా మనవి. విద్యార్థులతో మేము చెప్పునది ఒక్కటే: ఎవరైనా మిమ్మల్ని ఆగమంటే, ఆ మాట చెప్పినవానికి విషయం తెలుసునా అని ముందుగా అడగండి. మమ్మల్ని కూడ అడగండి.