చక్రాల ఇంట్లో చలి రాత్రి

2022 డిసెంబరు ఆఖరి వారంలో నేనూ, మావారూ అమెరికాలో మా చెల్లెలింటికి వెళ్ళాం. వాళ్ళుండేది అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో. "అక్కా, ఈసారి గ్రాండ్ కాన్యన్ చూపిస్తాం. హోటలు అక్కర్లేదు, ఇల్లే మనతోపాటు వస్తుంది" అంది చెల్లెలు. ఇల్లు రావడమేమిటా అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే మా మరిది ఒక మోటార్ హోమ్ అద్దెకు తెచ్చి వాకిట్లో నిలిపాడు!

చూడ్డానికి చిన్న బస్సంత ఉంది. లోపల పడకలు, మూడు బర్నర్ల గ్యాసు పొయ్యి, సింకు, ఫ్రిజ్, మనిషి తిరగడానికి ఇబ్బంది పడేంత స్నానాలగది. కందిపొడి, చింతకాయ పచ్చడి, ఇడ్లీ రేకులు సర్దుకుని బయలుదేరాం.

ఫీనిక్స్ నుంచి అక్కడికి సుమారు 370 కిలోమీటర్లు. దారి మొదట్లో మనిషి కంటే ఎన్నో రెట్లు పొడవైన జెముడు చెట్లు. ఫ్లాగ్‌స్టాఫ్ ఊరొచ్చేసరికి అన్నీ పైన్ చెట్లే. ఫీనిక్స్ ఎత్తు సుమారు 1,100 అడుగులైతే, మేం చేరిన దక్షిణపు అంచు దాదాపు 7,000 అడుగులు. పొద్దున వేసుకున్న పల్చటి శాలువా సాయంత్రానికి ఏ మూలకూ చాలలేదు.

ఆ లోయని ఏమని చెప్పను! మైలు లోతున కొలరాడో నది సన్నటి దారంలా ఉంది. ఎర్రటి రాళ్ళ అంచుల మీద తెల్లటి మంచు, పసుపూ కుంకుమల మీద ముగ్గు చల్లినట్టు. కన్నార్పకుండా చూస్తూ నిలబడిపోయాం.

అసలు కథ రాత్రికి మొదలైంది.

బండిలో చలికి ఫర్నెస్ అని ఒక హీటరుంది. గ్యాసుతోనే మండుతుంది. మనం గోడ మీది మీటలో ఎంత వెచ్చదనం కావాలో పెడితే, దాని ప్రకారం అదే వెలుగుతుంది, అదే ఆగుతుంది. వేడిగాలి నేల దగ్గరున్న కన్నాల్లోంచి వస్తుంది. మావాళ్ళంతా హాయిగా పడుకున్నారు. నాకు మాత్రం దారికడ్డంగా ఉన్న సామాను చూస్తే నిద్ర పట్టదు. సూట్‌కేసులూ, సంచులూ తీసి ఒక జాలీ ముందు ఒద్దికగా పేర్చేసి పడుకున్నాను.

అర్ధరాత్రి దాటాక కాళ్ళు గడ్డకట్టినట్టయి మెలకువ వచ్చింది. ఫ్యాన్ చప్పుడు వస్తోంది గానీ గాలి చల్లగా ఉంది. పక్కన చెల్లెలి కొడుకు ఆరేళ్ళవాడు ముడుచుకుపోయి వణుకుతున్నాడు. అందరినీ లేపడమెందుకని, లేచి పొయ్యి రెండు బర్నర్లూ వెలిగించాను. కిటికీలన్నీ బిగించే ఉన్నాయి. చేతులు కాచుకుంటూ, కాసేపటికి ఇల్లంతా వెచ్చబడుతుందిలే అనుకున్నాను.

మరిది చటుక్కున లేచి వచ్చి పొయ్యి ఆర్పేశాడు. కిటికీ కొంచెం తీసి, "వదినగారూ, ఇది చదవండి" అని పొయ్యి పక్కన అంటించిన కాగితం చూపించాడు. గది వేడి చేసుకోవడానికి పొయ్యి వాడవద్దని రాసి ఉంది. నా మొహం చిన్నబోయింది. "మీ తప్పేముంది, ఎవరమూ చెప్పలేదుగా" అంటూ కూర్చోబెట్టి విషయం చెప్పాడు.

ఫర్నెస్ మంటకు గాలి బయట నుంచే వస్తుంది, పొగ బయటకే పోతుంది. మనకు దాని వేడి మాత్రమే అందుతుంది. పొయ్యి అలా కాదు. మనం పీల్చే గాలినే అదీ వాడుకుని, వాయువుల్ని మన మధ్యనే వదులుతుంది. మూసిన చోట గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. గ్యాసు లీకైతే వాసన కలుపుతారు కాబట్టి తెలుస్తుంది. దీనికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుందట. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, మత్తు. నిద్రలో ఉన్నవాళ్ళకు అది కూడా తెలియదు.

మరి ఫర్నెస్ ఎందుకు చల్లబడింది? నా ఒద్దిక వల్లే! నేను సామాను పేర్చిన జాలీ ఫర్నెస్ లోపలి గాలిని లాక్కునే దారి. అది మూసుకుపోతే యంత్రం మితిమీరి వేడెక్కి, తన రక్షణ కోసం మంటను తానే ఆపేస్తుంది. సంచులు తీసేశాక కాసేపటికి మళ్ళీ వెచ్చటి గాలి వచ్చింది. పిల్లవాడు కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. నాకు మాత్రం తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

ఎందుకంటే మా వీధిలో ఒకమ్మాయి గుర్తొచ్చింది. తలుపు, కిటికీ బిగించి గ్యాసు గీజరు పెట్టుకుని స్నానం చేస్తూ స్పృహ తప్పి పడిపోయింది. వాళ్ళమ్మ తలుపు బద్దలు కొట్టించబట్టి బతికింది. అప్పుడు అందరం నీరసం వల్ల పడిందనుకున్నాం. ఆ పిల్లని పడేసింది ఆ విషవాయువేనేమోనని ఆ రాత్రి తట్టింది.

పొద్దున చూస్తే బయట జానెడు మంచు. మరిది ముందుగా చేసిన పని ఫర్నెస్ పొగగొట్టం మూతి దగ్గర మంచు తుడవడం. ఆ రోజు నేను ఇడ్లీలు వేశాను, పైకప్పు కిటికీ తెరిచి మరీ!

మోటార్ హోమ్‌లోనైనా, మన ఇంట్లోనైనా పనికొచ్చే జాగ్రత్తలు:

* వంట పొయ్యిని, బొగ్గుల కుంపటిని చలి కాచుకోవడానికి గదిలో పెట్టుకోకూడదు. లంబసింగిలో టెంటు వేసుకున్నా ఇదే మాట.
* కార్బన్ మోనాక్సైడ్ అలారం పడకకు దగ్గరగా ఉండాలి. బటన్ నొక్కి పనిచేస్తోందో లేదో చూడాలి, గడువు దాటితే మార్చాలి. గ్యాసు లీకు అలారం నేలకు దగ్గరగా ఉండాలి, ఎందుకంటే ఈ గ్యాసు గాలికన్నా బరువు.
* హీటరు జాలీలకు, కన్నాలకు సామాను, దుప్పట్లు అడ్డం పెట్టకూడదు. బయటి గొట్టాన్ని మంచు కప్పకుండా చూడాలి.
* వంట చేసేటప్పుడు కిటికీ కొంచెం తెరవాలి. ఆవిరికి అద్దాలు చెమర్చడం కూడా తగ్గుతుంది.
* కరెంటు హీటరును పరుపులకు, బట్టలకు మూడడుగుల దూరంలో, నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టాలి.
* జనరేటరు నడుస్తుండగా నిద్రపోకూడదు.
* ఇంట్లో ఒక్కసారిగా అందరికీ తలనొప్పి వస్తే, ముందు అందరూ బయటికి రావాలి. ఆ తర్వాత డాక్టరు.

ఇండియాకి తిరిగి రాగానే మా గీజరుని స్నానాలగదిలోంచి తీయించి బయట గోడకు పెట్టించాను. మావారు ఖర్చెందుకన్నారు. ఆ రాత్రి సంగతి గుర్తుచేస్తే మళ్ళీ మాట్లాడలేదు. మీ ఇంట్లో గీజరు ఎక్కడుందో, ఈ పుస్తకం పక్కన పెట్టి ఒక్కసారి చూసి రండి.