గీత తేలేదాకా

హుకుంపేట కొండల్లో జ్వరమొస్తే ఆశా కార్యకర్త వేలి కొసన గుచ్చి, మలేరియా కిట్ మీద రక్తపు బొట్టు వేస్తుంది. పావుగంటలో ఎర్ర గీతలు తేలతాయి. రోగి కళ్లముందే ఫలితం. వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు సికిల్‌సెల్‌ సంగతి అలా కాదు. ఆ జబ్బు నిర్మూలనకు 2023 జూలై 1న మొదలైన జాతీయ మిషన్‌లో తొలి పరీక్షలో అనుమానం వస్తే నిర్ధారణకు నమూనా ల్యాబుకు వెళ్లాలి. ఫలితం ఫోనుకు మెసేజ్‌ పెడితే చాలదా అంటారు. చాలదు. సిగ్నల్‌ అందని గూడెం మాట అటుంచండి, ‘వాహకులు’ అని చదివిన మనిషి తనకు జబ్బు ఉందనుకోవాలా, లేదనుకోవాలా? జబ్బు లేదు, దాని జన్యువును మోస్తున్నారంతే. కానీ భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఇది ఇంటి భాషలో, అది కువి అయినా ఆదివాసీ ఒడియా అయినా, ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాట. సిబ్బంది చాలరన్నదీ నిజమే. అందుకే నమూనా తీసిన రోజే ఫలితం చెప్పడానికి రెండో రాకనూ పనిలో రాసుకోవాలి, లేదా జనం సంతకు దిగే రోజు చూసుకుని పక్కకు పిలిచి చెప్పాలి.