వెలుగుకూ మోతాదు ఉంటుంది

ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన కాలంలో, బావంచాల నూనె రాసుకొని ఎండలో కూర్చుని పొక్కులతో వచ్చిన బొల్లి రోగులను చూశాను. వైద్యుడిని అడగకుండా ఎందుకు చేశారని వారిని మందలించేవాడిని. డెబ్బై ఒకటో ఏట అటువంటి తప్పే నేనూ చేశాను. అది మీరు చేయకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

నా ముంజేతుల మీద, వేళ్ళ మీద తెల్లమచ్చలు వచ్చాయి. చర్మానికి రంగునిచ్చే కణాలు నశించడం వలన బొల్లి కలుగుతుంది. ఇది అంటువ్యాధి కాదు. కొందరు తెల్లకుష్ఠు అన్నా, దీనికీ కుష్ఠువ్యాధికీ సంబంధం లేదు. చర్మవైద్యుడైన నా మిత్రుడు పరీక్షించి, ఇంట్లో వాడుకొనే కాంతిచికిత్స పరికరాన్ని సూచించారు. దానిలోని దీపం 311 నానోమీటర్ల పరిసరాల్లోని అతినీలలోహిత ‘బి’ కిరణాలను వెలువరిస్తుంది. కొద్ది సెకన్లతో మొదలుపెట్టి, చర్మం తట్టుకొంటే ఆయన చెప్పిన మేరకు పెంచుతూ, వారానికి మూడు సార్లు రోజు విడిచి రోజు వాడాను.

రెండు నెలలకు ముంజేతి మచ్చలలో వెంట్రుకల మొదళ్ళ చుట్టూ గోధుమరంగు చుక్కలు కనిపించాయి. వెంట్రుకల కుదుళ్ళలో మిగిలిన వర్ణకణాలు పైకి వస్తున్నాయన్న మాట. మూడు వారాలలో మనుమరాలి పెళ్ళి. ఆలోగా మచ్చలు తగ్గాలన్న ఆత్రంతో ఒకరోజు సమయాన్ని రెట్టింపు చేశాను. వేడి తెలియలేదు, మంట పుట్టలేదు. రాత్రికి చేతులు ఎర్రబడ్డాయి. తెల్లవారేసరికి పొక్కులు లేచాయి. చికిత్స ఆగిపోయింది. ఒక పొక్కు మానిన చోట కొత్త తెల్లమచ్చ ఏర్పడింది. బొల్లి ఉన్నవారికి చర్మం గాయపడిన చోట కొత్త మచ్చ రావచ్చునని తెలిసీ చేసిన పని అది.

పెళ్ళికి పొడుగు చేతుల చొక్కా తొడుక్కొన్నాను. అక్షతలు వేసేటప్పుడు మనుమరాలు మెల్లగా అంది: “తాతయ్యా, నీ మచ్చలకు నేనెప్పుడైనా సిగ్గుపడ్డానా?” నా దగ్గర సమాధానం లేదు.

ఈ కిరణాల ప్రమాదం ఆలస్యంగా బయటపడుతుంది. దీపం ముందు ఉన్నప్పుడు ఏ బాధా తెలియదు. ఎరుపు కొన్ని గంటల తర్వాత వస్తుంది. అందువలన ఎప్పుడు ఆపాలో మీ చర్మం కాదు, గడియారం చెప్పాలి.

వైద్యుడు రోగాన్ని నిర్ధారించి, మోతాదు రాసి ఇచ్చాకే పరికరం కొనండి. క్రిములను చంపే అతినీలలోహిత దీపాలు వేరు. వాటిని ఒంటికి చూపరాదు. లూపస్ వ్యాధి గాని, గతంలో చర్మపు క్యాన్సర్ గాని ఉన్నా, డాక్సీసైక్లిన్ వంటి మందులు వాడుతున్నా ముందే చెప్పండి. ఈ చికిత్సకు బావంచాల నూనెను జోడించకండి.

పరికరంతో వచ్చిన రక్షణ కళ్ళద్దాలు ప్రతిసారీ పెట్టుకోండి. ఆ గదిలోకి పిల్లలను రానీయకండి. మచ్చలు లేని భాగాలను దుస్తులతో కప్పండి. దీపాన్ని ఎప్పుడూ ఒకే దూరంలో ఉంచండి. దగ్గరైతే మోతాదు పెరుగుతుంది. పాత దీపం కన్నా కొత్త దీపం బలంగా ఉంటుంది కాబట్టి, మార్చినప్పుడు సమయాన్ని వైద్యుడి చేత సవరింపజేసుకోండి.

ఒక పుస్తకంలో తేదీ, సెకన్లు, మర్నాటి చర్మపు స్థితి రాయండి. ఒక రోజులో తగ్గే లేత గులాబీరంగు ఫరవాలేదు. ఎరుపు తగ్గకున్నా, నొప్పి, పొక్కులు కలిగినా ఆపి వైద్యుడిని కలవండి. కొన్నాళ్ళు మానితే పాత మోతాదుతో మొదలుపెట్టకండి. మూడు వారాలు దాటితే మొదటి మోతాదుకే తిరిగి రావాలి.

ఫలితానికి నెలలు పడుతుంది. ముఖానికి త్వరగా రంగు వస్తుంది, వేళ్ళ కొసలకు రావడం కష్టం. నా ముంజేతులకు చాలా వరకు రంగు వచ్చింది. వేళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఇప్పుడు పొట్టి చేతుల చొక్కాలే తొడుక్కొంటున్నాను.