మద్దెలకు అంటిన పిండి

ఆలేరు వాగుపై 1916-22 సంవత్సరాల మధ్య నిర్మించిన పోచారం జలాశయానికి సమీపంలో ఒక గృహస్థు నివసిస్తున్నాడు. ఆయన తండ్రి గ్రామ భజనమండలిలో చిరకాలం మద్దెల వాయించినవాడు. తండ్రి పరమపదించి ఏడాది నిండి, సాంవత్సరికం ముగిసిన మరునాడు, అటకమీద గుడ్డలో చుట్టి ఉన్న ఆ వాద్యాన్ని కుమారుడు క్రిందికి దింపాడు. రానున్న ఏకాదశి భజనలో దానిని మరల మ్రోగించాలని ఆయన సంకల్పం.

పనసకొయ్యపై పేరుకొన్న ధూళిని పొడిగుడ్డతో తుడిచాడు. తోలువారుల సందులలోని మట్టిని మెత్తని కుంచెతో రాల్చాడు. కుడిమూత నడుమ నల్లని పూత చెక్కుచెదరలేదు. ఇనుపరాతి చూర్ణాన్ని అన్నంతో నూరి, పొరమీద పొరగా రుద్ది, ఆరబెట్టి నిలిపిన పూత అది. ఎడమమూత నడుమ మాత్రం రవ్వముద్ద ఎండి పెచ్చు కట్టింది. వాయించే ముందు అద్ది, ముగియగానే తీసివేయవలసిన పదార్థమది. చివరి భజననాటి రాత్రి తండ్రికి అస్వస్థత కలిగింది. తీసే అవకాశం లేకపోయింది. ఆ పెచ్చుమీద ఆయన మూడు వ్రేళ్ళ గుర్తులు అట్లే నిలిచి ఉన్నాయి.

కుమారుని చేయి అక్కడ ఆగిపోయింది. గడప దగ్గర కూర్చున్న తల్లి చాలాసేపు చూసి మెల్లగా అన్నది: "అది తియ్యకుంటే తోలు పురుగులపాలైతది బిడ్డా. మీ నాయిన ఏనాడూ తెల్లారేదాక ఉంచలే."

తండ్రి గుర్తును కాపాడితే తండ్రి పాటించిన నియమం తప్పుతుంది. నియమాన్ని పాటిస్తే గుర్తు పోతుంది. మమకారానికీ ధర్మానికీ మధ్య సాధకునికి ఎదురయ్యే సంకటం ఇట్టిదే.

మద్దెలకు రెండు వైపులా పూత ఉన్నది. రెండూ పైనుండి చేరినవే. అయితే ఒకటి నిలుపదగినది, మరొకటి విడువదగినది. సాధారణంగా బిగించిన చర్మం నుండి వెలువడే అనుస్వరాలు పరస్పరం పొసగవు. నడుమనున్న నల్లని పూత భారం వల్లనే అవి సుస్వరంగా కుదురుతాయని సర్ సి.వి. రామన్ తన సహచరునితో కలిసి 1920లో నేచర్ పత్రికలో వివరించారు. దానిని మాలిన్యమని భ్రమించి గీకివేస్తే వాద్యమే చెడుతుంది. కనుక శుద్ధి అనగా అన్నింటినీ తొలగించడం కాదు. ఏది ఉండవలెనో, ఏది తొలగవలెనో ఎరుగుటయే వివేకం. వివేకం లేని వైరాగ్యం కుడిమూతను గీకుతుంది. వివేకం లేని భక్తి ఎడమమూతను పూజిస్తుంది.

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్య మహర్షి మైత్రేయికి దుందుభి దృష్టాంతాన్ని ఉపదేశించారు. మ్రోగుతున్న భేరి నుండి వెలువడిన ధ్వనులను విడివిడిగా పట్టుకొనడం అశక్యం; భేరిని గానీ, భేరిని మ్రోగించువానిని గానీ గ్రహించినపుడే ధ్వని గ్రహింపబడుతుంది. విశేషాలను వెంబడించేవానికి మూలం దొరకదు. ఎండిన పిండిలోని వ్రేలిముద్రలు వెలువడిపోయిన ధ్వనుల వంటివే.

కుమారుడు గుడ్డను తడిపి, గట్టిగా పిండి, పెచ్చుమీద మాత్రమే కాసేపు ఆన్చాడు. మెత్తబడిన పిండి పొరలుగా ఊడివచ్చింది. అడుగున చర్మం చిరగకుండా ఉన్నది. నీడలో ఆరబెట్టి, అంచుకు కొయ్యముక్కను ఆన్చి రాతితో తట్టుతూ శ్రుతి సరిచేశాడు.

ఏకాదశి రాత్రి తాజా రవ్వముద్ద అద్ది వాయించాడు. ఆ నాదం తండ్రి వాయించిన నాదం వలె లేదు. ఒకటి రెండు చోట్ల తాళం తడబడింది కూడా. అయినా భజన ఆగలేదు. హారతి ముగిసి అందరూ ప్రసాదం తీసుకొంటున్నవేళ, ఆయన ఒక మూల కూర్చుని, తన వ్రేళ్ళ గుర్తులు పడిన పిండిని ఎడమమూతనుండి శుభ్రంగా తీసివేశాడు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.