పాలసీ ఉందిగా అనుకున్నాం!

ఇల్లు కట్టుకునేటప్పుడు వంటిల్లు ఏ మూల, దేవుడి గది ఏ మూల అని ఎంతో ఆలోచిస్తాం. ఆ ఇంటికి చేయించిన ఇన్సూరెన్సు కాగితాన్ని మాత్రం మడత విప్పి చూడం. మీ ఇంట్లోనూ అంతేనా? అయితే నా అనుభవం కాస్త వినండి.

మాది పాడేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు, మా కాఫీ తోటల్లోని సిల్వర్ ఓక్ చెట్లు అగ్గిపుల్లల్లా విరిగిపడ్డాయి. వాటిలో ఒకటి మా వంటింటి రేకుల మీద కూలింది. రాత్రంతా వాన లోపలికే! ఫ్రిజ్జు, మిక్సీ, బియ్యం, పక్కగది బీరువాలో అమ్మ పెట్టిన పట్టుచీరలు... అన్నీ పాడైపోయాయి.

“ఊరుకో, ఇన్సూరెన్సు ఉందిగా!” అన్నారు మావారు. నిజమే, ఇంటి అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకువాళ్ళు చేయించారు. తీరా సర్వేయరు వచ్చి చూస్తే, అది గోడలకూ కప్పుకూ మాత్రమేనట. సామాను ఊసే లేదు! పైగా ఆయన వచ్చేలోగా విరిగిన రేకులన్నీ పారేశాం. ఫోటో ఒక్కటీ తీయలేదు. గోడల చెమ్మ పాతదన్నారు. రేకుల డబ్బులోనూ పాతవని తరుగు తీసేశారు. తప్పెవరిది? చదవని మాదే.

2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ అనే పాలసీ వచ్చింది. ఏ కంపెనీ ఇచ్చినా నిబంధనలు ఒకటే. అగ్ని ప్రమాదం, పిడుగు, తుఫాను, వరద, భూకంపం, కొండచరియలు విరిగిపడడం, ఇంటి మీద చెట్టు కూలడం - అన్నీ ఇందులోకి వస్తాయి. ఇంటికి చేసిన మొత్తంలో 20 శాతం, 10 లక్షలకు మించకుండా, సామానుకూ వర్తిస్తుంది. బ్యాంకు చేయించినదైతే సామాను చేరిందో లేదో అడిగి తెలుసుకోండి. నగలకు విడిగా చేయించాలి. అరుగుదల, పాత చెమ్మ లెక్కలోకి రావు. మొత్తం వేసుకునేది స్థలం ధరను బట్టి కాదు, ఇల్లు తిరిగి కట్టేందుకయ్యే ఖర్చును బట్టి. అద్దె ఇంట్లో ఉన్నవారు సామానుకు మాత్రమే చేయించుకోవచ్చు.

నష్టం జరిగితే ముందు ఫోటోలు తీయండి, వెంటనే కంపెనీకి తెలపండి. వాన పడకుండా టార్పాలిన్ కప్పండి, రసీదు దాచండి. సర్వేయరు చూసేదాకా ఏదీ పారేయకండి. కంపెనీ జవాబు న్యాయంగా లేదనిపిస్తే బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి, ఫీజు ఉండదు.

ఈ మధ్యాహ్నం వంటింటి పని ముగిశాక బీరువా తెరిచి ఆ కాగితం ఒక్కసారి చదవండి. అమ్మ చీరలు నాకెలాగూ తిరిగిరావు. మీ ఇంట్లో మాత్రం ఆ మాట రాకూడదు!