చిన్నాన్న జముకు

మొన్న సంక్రాంతికి భావనపాడు వెళ్ళినప్పుడు అటక మీద, పాత వలల కింద, చిన్నాన్న జముకు కనబడింది. ఆయన పోయి రెండేళ్ళయింది.

జముకు చూడనివారి కోసం చెబుతాను. చిన్న బిందెంత గుల్ల వాద్యం. దానికి ఒక పక్కనే చర్మం. ఆ చర్మం నడుమ నుంచి ఒక తీగ, తీగ కొసన చిన్న కర్రముక్క. వాద్యాన్ని చంకలో ఇరికించుకొని, ఒక చేత్తో కర్రను బిగలాగి, రెండో చేత్తో తీగ మీటాలి. బిగిస్తే స్వరం పైకి లేస్తుంది, సడలిస్తే కిందికి జారుతుంది. మా వైపు అమ్మవారి కథలు ఈ మోత మీదే నడిచేవి. 1969 డిసెంబరులో హతుడైన కవి సుబ్బారావు పాణిగ్రాహి శ్రీకాకుళ పోరాటాన్ని జనంలోకి తీసుకువెళ్ళడానికి ఎంచుకొన్నదీ జముకుల కథనే.

చిన్నాన్న కథకుల ఇంట పుట్టలేదు. వేటకు వెళ్ళే మనిషి. జాతరలకు వచ్చే కథకుల వెంటపడి నేర్చుకొన్నాడు. ఎక్కడ పాడినా రూపాయి పుచ్చుకోలేదు. "డబ్బులిస్తే ఆళ్ళు సెప్పిందే పాడాలిరా" అనేవాడు. సముద్రపు చెమ్మకు చర్మం ఊరికే మెత్తబడిపోయేది. రోజూ సాయంత్రం దాన్ని నిప్పుల సెగకు పట్టి, వేలితో కొట్టి, చెవి ఒగ్గి వినేవాడు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది. ముందురోజు బడికి చేరినప్పుడు ఆయన ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చింది జముకును. రేషన్ కార్డు, ఇంటి కాగితాలు ఇంట్లోనే నానిపోయాయి. ఆ మాట పిన్ని ఆయన పోయేదాకా దెప్పుతూనే ఉంది.

కొడుకు పడవల పనికి గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళాడు. ఒకసారి ఫోనులో వాడికి జముకు వినిపించబోతే, "ఏటి నాన్నా, టకటకా ఏదో కొడతన్నావు?" అన్నాడట. ఆ లోతైన గుమ్మనే మోత ఫోనులో పడితేనా!

వాడిని అనడానికి నాకేం హక్కుంది? నా పెళ్ళి విశాఖపట్నంలో జరిగింది. రాత్రికి ఒక కథ పాడతానని చిన్నాన్న ముచ్చటపడ్డాడు. వియ్యాలవారి ముందు నాకు నామోషీ అనిపించింది. "సౌండు సిస్టం ఉంది కదా చిన్నాన్నా, నీకెందుకు శ్రమ" అన్నాను. ఆయన నవ్వి, భోజనాల దగ్గర నీళ్ళు వడ్డించాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఊరెళ్ళినా నా ఎదుట జముకు తీయలేదు. నేనూ అడగలేదు.

అటక దించి దుమ్ము తుడిచాను. తీగ తుప్పు పట్టింది గానీ తెగలేదు. చంకన పెట్టి మీటితే తడిగుడ్డ మీద కొట్టినట్టు చప్పుడు. వంటింట్లోకి తీసుకెళ్ళి పొయ్యి పక్కన పట్టుకొన్నాను. పిన్ని చేపలు తోముతూ తల ఎత్తలేదు. కాసేపటికి మళ్ళీ మీటాను.

"ఇంకా పచ్చిగానే ఉంది బాబూ" అంది. "మరికాస్త సెగ సూపించు."