పానా పట్టిన చేతులు

పాతబస్తీ అనగానే మీకు ఏం గుర్తుకొస్తుంది? చార్మినార్, లాడ్‌బజార్ గాజులు, బిర్యానీ. లేకపోతే కర్ఫ్యూ. 1990 డిసెంబరు అల్లర్లప్పుడు పేపర్లలో చూసిన పాతబస్తీయే ఇంకా చాలామంది కళ్లలో ఉండిపోయింది. పండగకి పిలిస్తే వచ్చే సెక్యులర్ మిత్రులు కూడా షీర్‌ఖుర్మా తాగి, చీకటి పడకముందే మూసీ దాటేస్తారు. ఫలక్‌నుమా దాకా వచ్చేవాళ్లు తక్కువ. అక్కడ ఇంజన్ బౌలి అని ఒక బస్తీ ఉంది. ఇంజనూ బావీ కలిసిన పేరు. మా బతుకు ఆ పేరుకి దగ్గర. నవాబుల కథలు మావి కావు. మావి నూనె మరకల కథలు.

మా అమ్మీ వైపు అంతా మిస్త్రీలే. మా నానా బస్సుల మీద పని నేర్చుకున్నాడు. నిజాం రాజ్యంలో 1932లో 27 బస్సులతో సర్కారీ రోడ్డు రవాణా మొదలైంది. ఆల్బియన్ బస్సులు, విలాయత్ సరుకు. బస్సు విలాయతుదైనా దాన్ని విప్పి బిగించిన చేతులు ఇక్కడివే. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత ముస్లింల సర్కారు కొలువులు ఎన్నో పోయాయి. ఉర్దూ చదువుకి విలువ పోయింది. చేతిలో పానా ఉన్నవాడి ఇంట్లో మాత్రం పొయ్యి వెలిగింది. రిక్షా, పంక్చరు, వెల్డింగు, మెకానిక్ షెడ్డు. మావాళ్లు చాలామంది అక్కడికే చేరారు. మీరేమో 'వీళ్లకి చదువు మీద ధ్యాస లేదు' అన్నారు.

ధ్యాస లేకనా? 1918లో ఏర్పడిన ఉస్మానియా యూనివర్సిటీలో వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే చెప్పేవాళ్లు. శాస్త్రాల మాటల్ని ఉర్దూలోకి తేవడానికి అంతకు ఏడాది ముందే దారుల్ తర్జుమా పెట్టారు. 1948 తర్వాత ఆ చదువు ఇంగ్లీషులోకి మారిపోయింది. పుస్తకం పోయింది, పని మిగిలింది. ఆ పని ఎక్కడా రాసి లేదు. ఉస్తాద్ చేతిలోంచి షాగిర్ద్ చేతిలోకి పోతుంది, అంతే.

మా మామూ షెడ్డుకి మొన్న ఎండాకాలంలో ఇబ్రహీంపట్నం వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. పాత చిన్న ట్రాక్టరు, మిత్సుబిషి శక్తి లాంటి పద్దెనిమిదిన్నర హార్స్ పవర్ బండి. ఇటుకబట్టీ వాళ్ల దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నాడట. మట్టి ఎత్తడానికి వాళ్లు ముందు లోడరు పెట్టించుకున్నారు. కంపెనీది కాదు, ఎవరో వెల్డింగ్ షాపులో కట్టింది. ఆ బరువుకి ముందు టైర్లు అరిగిపోయాయి, స్టీరింగు రాయిలా తిరుగుతోంది. మామిడితోటలో సాళ్ల మధ్య బండి మలగడం లేదు.

"ఉస్తాద్, జర ఈ తొండం పీకెయ్యి" అన్నాడు.

"పీకుడు గాదు పటేలా, విప్పుడు. పీకితే చేతులు వోతయి" అన్నాడు మామూ.

నాకు నవ్వొచ్చింది. మామూకి తెలుగు అక్షరం రాదు. కానీ తెలుగులో రెండు మాటల మధ్య తేడా ఆయనకి తెలిసినంత నాకు తెలీదు.

ముందు బండిని చదును నేల మీద పెట్టించాడు. వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టించాడు. తొట్టెని కిందికి దింపి నేలకి సమంగా ఆనించాడు. లోడరుని నిలబెట్టే కాళ్లు దీనికి లేవు. చేతుల కిందా, నిలువు దూలాల కిందా కట్టె దిమ్మెలు పెట్టాలి. షాగిర్ద్ కుర్రాడు ఇటుకలు తెచ్చాడు. మామూ వాటిని కాలితో తోసేశాడు. ఇటుక చెప్పకుండా పగులుతుంది. కట్టె పగిలేముందు చప్పుడు చేస్తుంది.

ఆ కుర్రాడు తొట్టె వైపు చూసి 'బుల్డోజర్ కా హాథ్' అన్నాడు. వాడికి ఇరవై ఏళ్లు. 2022 ఏప్రిల్‌లో ఖర్గోన్‌లో, ఢిల్లీ జహంగీర్‌పురిలో, జూన్‌లో ప్రయాగ్‌రాజ్‌లో ఇలాంటి తొట్టెలే మనుషుల ఇళ్ల మీదికి పోవడం వాడు ఫోన్లో చూశాడు. నేరం మోపారని ఇల్లు కూల్చడం చెల్లదనీ, 15 రోజుల నోటీసు ఇవ్వాలనీ సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న చెప్పింది. కోర్టు మాట పేపరులో ఒక రోజు వచ్చింది. తొట్టె మాత్రం కుర్రాడి కళ్లలో ఉండిపోయింది. మట్టి ఎత్తే యంత్రాన్ని చూసి ఒక మెకానిక్ కుర్రాడికి ఇల్లు గుర్తుకు రావడం ఏమిటి? ఈ ప్రశ్న వాడిది కాదు, మనందరిదీ.

మామూ ఏమీ అనలేదు. "లక్డీ లా" అన్నాడు.

తర్వాత పిన్నులు. తుప్పు పట్టిన పిన్నులకి ముందురోజు రాత్రే డీజిలు పోసి ఉంచాడు. అయినా ఒకటి కదల్లేదు. కుర్రాడు సమ్మెట ఎత్తాడు. మామూ ఆపి, ఇంజను స్టార్టు చేయించి, లివరుని వెంట్రుకవాసి కదిపాడు. పిన్ను మీది బరువు తప్పుకుంది. చిన్న కట్టెముక్క అడ్డం పెట్టి రెండు దెబ్బలు కొడితే బయటికొచ్చింది. "జంగ్ నై, బోజ్" అన్నాడు. అడ్డం పడింది తుప్పు కాదు, బరువు. బరువు తీయకుండా ఎంత కొట్టినా పిన్ను తల పగులుతుంది తప్ప ఊడదు.

ఇంజను ఆపేశాక లివరుని నాలుగు వైపులా తిప్పాడు. పైపుల్లో నిలిచిన ఒత్తిడి పోవాలి. అప్పుడే పైపుల జోలికి పోవడం. ఏ పైపు ఎక్కడిదో తెలిసేట్టు రంగు దారాలు కట్టాడు. మూతులకి శుభ్రమైన గుడ్డ చుట్టి కట్టాడు, దుమ్ము పోకుండా. పైపు ఎక్కడైనా కారుతుందేమోనని చేత్తో తడమనివ్వడు. అట్టముక్క పెట్టి చూడాలి. సూదిమొనంత రంధ్రం లోంచి దూకే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినట్టే ఉంటుంది. అదే గంటలోపు ఆస్పత్రికి పరిగెత్తకపోతే వేలు పోవచ్చు, చెయ్యే పోవచ్చు.

ఈ బండిలో లోడరుకి వేరే పంపు ఉంది. పైపులు విప్పేసి మూతులు బిగించి వదిలేస్తే సరిపోదు. ఇంజను తిరిగితే పంపు తిరుగుతుంది, నూనె తోస్తూనే ఉంటుంది. పోవడానికి దారి లేకపోతే సీలు చిరుగుతుంది, పంపు పగులుతుంది. అందుకని పంపు నుంచి వచ్చే పైపుని ట్యాంకుకి తిరిగిపోయే పైపుతో కలిపేశాడు. "వాపసీ కా రాస్తా" అన్నాడు. ఒత్తిడి పెట్టి, తిరిగొచ్చే దారి మూసేస్తే ఏదైనా పగులుతుంది. పగిలాక పంపుదే తప్పంటారు. పాతబస్తీ గురించి కమిటీలు వేసేవాళ్లు ఒకసారి మా మామూ షెడ్డుకి రావాలి.

ఇక రైతు బండెక్కి రివర్సులో నెమ్మదిగా వెనక్కి తీశాడు. చేతుల మధ్య ఎవర్నీ నిలబడనివ్వకుండా చెరో వైపు మామూ, కుర్రాడు కాపలా. లోడరు దిమ్మెల మీద నిలిచిపోయింది. ట్రాక్టరు ముందు భాగం ఊపిరి పీల్చుకున్నట్టు కాస్త పైకి లేచింది.

చివరి పని ఎవరికీ కనబడదు. లోడరు చట్రం పట్టేందుకు ఇంజను పక్కన పొడుగు బోల్టులు వేస్తారు. చట్రం తీసేశాక అవే బోల్టులు బిగిస్తే రంధ్రం అడుగుకి తగిలి పోత ఇనుము పగులుతుంది. పాత కొలత పొట్టి బోల్టులు వేయాలి. మామూ తన రేకు డబ్బాలో వెతికి అరగంటకి నాలుగు తీశాడు. ఆ అరగంటకి డబ్బులు అడగలేదు.

మరమ్మతు, దుకాణం. ఈ మాటలు ఫార్సీ, అరబ్బీ దారుల్లో ఉర్దూ మీదుగా మీ ఇంటికి వచ్చి తెలుగైపోయాయి. మీరు మేస్త్రీ అంటారు, మేం మిస్త్రీ అంటాం. రెండూ పోర్చుగీసువాళ్ల నోటి మాట లోంచి పుట్టినవే. మాటలకి దొరికిన ఇంటిచోటు మనుషులకి ఎందుకు దొరకదు? అద్దె ఇంటికి పోతే పేరడిగి తలుపేసేవాళ్లు మరమ్మతు అనే మాటని ఏ భాషతో అంటారు?

నువ్వు ముసల్మానువి, తెలుగులో ఎందుకు రాస్తావని రెండువైపులా అడుగుతారు. దీనికి జవాబు మా మామూయే చెప్పాడు. ఇది రాస్తున్నానంటే చదివి వినిపించమన్నాడు. విన్నాక, "పటేల్ బేటాకి పంపు. వాడు తెలుగు చదువుతడు, పొట్టి బోల్టు సంగతి యాదికుంటది" అన్నాడు.

మా మామూ చేతి పని ఇంతవరకూ ఉర్దూలోనూ లేదు, తెలుగులోనూ లేదు. అందుకే రాశాను.